మామ్మ భయం

నా ఎడమ చెవి కింద పుట్టుమచ్చ ఉంది. మా మామ్మ సూర్యకాంతమ్మకీ సరిగ్గా అక్కడే ఉండేదట. ఇంకేముంది, ఆవిడే మళ్ళీ పుట్టిందని పురిట్లోనే అందరూ తేల్చేశారు. కీర్తిప్రియ అన్న నా పేరు సర్టిఫికెట్లకే మిగిలింది, ఇంట్లో అందరికీ నేను మామ్మనే. నాకు కోపమొస్తే మామ్మ కోపం, లెక్కలు రాకపోతే మామ్మకీ వచ్చేవి కావనేవారు. మామ్మ పోయింది గోదావరిలో పడవ మునిగి. ఆవిడకి నీళ్ళు చూస్తేనే వణుకట. ఆ వణుకే నాకొచ్చిందని మా నాన్నగారు వెంకటరాజు నా చిన్నప్పటి నుంచీ చెప్పేవారు. చేపల చెరువుల మధ్య పెరిగి కూడా నేను ఎప్పుడూ గట్టు దిగలేదు.

ఇప్పుడు సఖినేటిపల్లి స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. ఉండేది నరసాపురంలో. చించినాడ వంతెన మీదుగా రోజూ చుట్టు తిరగడం కుదిరే పని కాదు. రేవులో పంటు పడవ మీద గోదావరి దాటాలి, లేదా ఉద్యోగం వదులుకోవాలి. రాత్రంతా నిద్ర లేదు. మొదటిరోజు కదా అని నాన్నగారు తోడొచ్చారు.

బైకులు, ఆటోలు ఎక్కాక పంటు కదిలింది. నేను కళ్ళు మూసుకున్నాను. నాన్నగారు నా మణికట్టు పట్టుకున్నారు. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నారు. కళ్ళు తెరిచి చూస్తే ఆయన మొహమంతా చెమట.

"మీకేంటి నాన్నగారూ? భయం మామ్మది కదా," అన్నాను.

"అమ్మకి భయమేంటమ్మా? పడవ అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకునేది. ఒద్దని ఏడ్చేవాణ్ణి నేనే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి నాకలా ఎందుకు చెప్పారండి?"

"భయముంటే నువ్వు నీళ్ళ దగ్గరికి పోవు కదా అని," అన్నారు, తల ఎత్తకుండా.

ఆయన్ని తిట్టలేకపోయాను, జాలీ పడలేకపోయాను. ఆ ఒక్కటీ అబద్ధమైతే, మామ్మవని నాకు అంటగట్టిన మిగతావన్నీ ఎవరివి? ఇన్నేళ్ళూ నేను ఎవరిలా బతికాను? నది కంటే ఆ ఆలోచనే ఎక్కువ భయపెట్టింది.

అవతలి ఒడ్డు వచ్చింది. "మీరు దిగండి, నేనొస్తాను," అన్నాను. ఆయన దిగి, ఒడ్డున నిలబడి నా వైపే చూస్తున్నారు. నేను పంటు అంచుకి వెళ్ళి కిందికి చూశాను. నీళ్ళు బురద రంగులో, లోతు తెలియకుండా ఉన్నాయి. కాళ్ళు వణికాయి.

మామ్మకి లేని వణుకు. నాన్నగారు నా చెయ్యి వదిలి ఒడ్డున ఉన్నారు, కాబట్టి ఆయనదీ కాదు. ఇది నాదే.

అది తగ్గేదాకా అక్కడే నిలబడ్డాను.