నూట ఇరవై సీసాలు

ఆసుపత్రి మందుల స్టోరులో ఆవిడని అందరూ కంగారు పిన్ని అనేవాళ్లు. ఆ పేరు ఊరికే రాలేదు. ఫ్యాను చప్పుడు కాస్త మారితే చాలు, అది ఊడి నెత్తిన పడుతుందని కుర్చీ గోడవారకి లాక్కునేది. కూతురు ఇంటికి రావడం పావుగంట ఆలస్యమైతే ఈలోగా మనసులో ఒక ప్రమాదం జరిగిపోయేది, కట్లు కట్టడం కూడా పూర్తయ్యేది. ఒకసారి సెలైను సీసాల్లో నలుసు కనిపిస్తోందని గగ్గోలు పెట్టి రెండు వార్డులకి సరఫరా ఆపించింది. తీరా చూస్తే నలుసు ఆవిడ కళ్లజోడు మీద ఉంది. అప్పటినుంచి ఆవిడ నోరు తెరవబోతే చాలు, "ముందు అద్దాలు తుడుచుకో పిన్నీ" అనేవాడు కాంపౌండరు.

అది తొంభై ఏడో సంవత్సరం. స్టోరులో పెద్ద రిజిస్టరు పోయి కంప్యూటరు వచ్చింది. దాన్ని నడపడానికి వచ్చింది ఆవిడ కూతురే. సూపరింటెండెంటు గది ముందు పిన్ని మూడు రోజులు నిలబడి బతిమాలితే, "సరే, ఆరు నెలలు చూస్తాను, పనికొస్తే ఉంచుతాను" అన్నాడాయన. ఆరు నెలలు పూర్తవడానికి ఇంకో పది రోజులుంది.

ఏ మందుకి గడువు తీరిందో ఆ యంత్రమే ప్రతి నెలా కాగితం మీద అచ్చుకొట్టి ఇచ్చేది. ఆ ప్రోగ్రాం రాసింది కూతురు. ఆ సంగతి కంగారు పిన్ని మెట్లు ఊడ్చే మనిషికి కూడా చెప్పింది. "మా పిల్ల చేసింది తప్పు పోదమ్మా" అని ఊరుకోకుండా, "నాలాంటిది కాదు" అని కూడా కలిపేది.

గడువు తీరిన మందులని పారేసే పద్ధతి ఒకటుంది. స్టోరు వెనక సిమెంటు తొట్టి దగ్గర ఇద్దరు కూర్చోవాలి. ఒకరు జాబితాలో ఉన్న పేరూ, గడువూ పైకి చదవాలి. రెండోవారు సీసా చేతిలోకి తీసుకుని, దాని మీది లేబులు చూసి, గడువు నిజంగానే తీరిందనుకుంటే "సరే" అనాలి. అప్పుడు గోనెపట్టా కప్పి సుత్తితో కొట్టాలి. అనుమానం వస్తే "ఆగు" అనాలి. అంతే. ఆ "ఆగు" కోసమే రెండో మనిషిని పెట్టారు.

ఆ నెల కాంపౌండరు చదివేవాడు, కంగారు పిన్ని చూసేది. జాబితాలో అన్నిటికన్నా పైన ఉబ్బసం ఇంజెక్షన్లున్నాయి. నూట ఇరవై, స్టోరులో ఉన్నవన్నీ.

"మూడో నెల, సున్నా సున్నా" అని చదివాడు కాంపౌండరు. "ఇదేం సంవత్సరం పిన్నీ? మా తాత పుట్టకముందుదిలా ఉంది."

ఆవిడ సీసా చేతిలోకి తీసుకుంది. లేబులు తళతళలాడుతోంది. పెట్టె విప్పి వారం కాలేదు, ఇంకా జిగురు వాసన వేస్తోంది. దాని మీద మార్చి 2000 అని స్పష్టంగా ఉంది. ఆవిడ చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది గానీ, ఇది తొంభై ఏడు అనీ, రెండు వేలు ఇంకా రాలేదనీ తెలియనంత తక్కువ చదువు కాదు.

"ఆగు" అన్న మాట గొంతుదాకా వచ్చింది. ఆగు అంటే ఏమవుతుంది? వీడు పకపకా నవ్వి అద్దాలు తుడుచుకోమంటాడు. అది నిజమని తేలితే ఇంకా ఘోరం. ప్రోగ్రాం తప్పని స్టోరంతా పాకుతుంది, పది రోజుల్లో పిల్ల ఉద్యోగం పోతుంది. అయినా చదువుకున్న పిల్ల, మనకి తెలియని లోపలి లెక్క ఏదో ఉండే ఉంటుంది.

"ఏం పిన్నీ, నిద్రపోయావా?"

"సరే" అంది ఆవిడ.

సుత్తి పడింది. తర్వాతి సీసా. సరే. ఆ తర్వాతిది. సరే. యాభయ్యో సీసా దగ్గర మళ్లీ ఆపుదామనుకుంది, కానీ అప్పటికి నలభై తొమ్మిది పగిలాయి, వాటికేం జవాబు చెప్పాలి? ఆ తర్వాత లేబులు చూడ్డం మానేసి సీసా మూత వైపు చూస్తూ అంటూ పోయింది.

నాలుగో రోజు ఉదయం వార్డులో ఒక పెద్దాయనకి ఎగశ్వాస వచ్చింది. ఇంజెక్షను కోసం నర్సు పరిగెత్తుకొచ్చింది. స్టోరులో ఒక్కటి కూడా లేదు. వేరే ఆసుపత్రి నుంచి తెప్పించేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఆయన మంచం అంచు పట్టుకుని ముందుకి వంగి, ఒక్కో ఊపిరినీ లాక్కుంటూ కూర్చున్నాడు. కంగారు పిన్ని తలుపు సందులోంచి ఆ వంగిన వీపు చూసింది. బతికాడు. బతికాడని తెలిశాకే ఆవిడ గోడకి నడుము ఆన్చి కూర్చోగలిగింది.

మధ్యాహ్నం సూపరింటెండెంటు అందరినీ పిలిచాడు. కూతురు ముందు నిలబడింది, చేతిలో ఆ జాబితా.

"తప్పు నాదే సార్" అంది. "సంవత్సరానికి రెండంకెలే పెట్టాను. రెండు వేలని అది పంతొమ్మిది వందలనుకుంది. గడువు తీరి తొంభై ఏడేళ్లయిందని లెక్కేసింది."

"అది అనుకుంటే నువ్వేం చేస్తున్నావమ్మా? లెక్కలు చదివింది అదా, నువ్వా?"

పిల్ల తల వంచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"మరి మీరిద్దరూ? చూసి కొట్టమనే కదా పెట్టింది?" అని ఆయన ఇటు తిరిగాడు.

"నేను చదివేవాణ్ణి మాత్రమే సార్. కంప్యూటరు చెప్పిందాన్ని కాదనేంత వాళ్లమా?" అన్నాడు కాంపౌండరు.

సూపరింటెండెంటు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "రేపటినుంచి రానక్కర్లేదమ్మా" అన్నాడు కూతురితో.

నోరు మూసుకునుంటే కంగారు పిన్నికి ఏ గొడవా లేదు. నాకు సరిగా కనపళ్లేదు సార్ అంటే ఎవరైనా నమ్ముతారు, ఆ కళ్లజోడు కథ అందరికీ తెలిసిందే. కానీ పిల్ల భుజాలు కూడా ఆ పెద్దాయన వీపులాగే ముందుకి వంగి ఉన్నాయి.

"నేను చదివాను సార్" అంది కంగారు పిన్ని.

"ఏం చదివావు?"

"సీసా మీద రెండు వేలు అని ఉంది. చదివాను."

"చదివి?"

"సరే అన్నాను."

"ఎన్నిటికి?"

"అన్నిటికీ సార్. యంత్రం తెలియక తప్పు చేసింది. నేను తెలిసి చేశాను."

కాంపౌండరు ఈసారి అద్దాల జోకు వెయ్యలేదు. అతను జోకు వేసినా బాగుండుననిపించింది. అందరి చూపులూ ఒంటి మీద పడుతుంటే, కొంగు ఎంత లాక్కున్నా చాలనట్టయింది. సూపరింటెండెంటు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, ప్రోగ్రాం సరిచేసేదాకా పిల్లని ఉండమన్నాడు, ఆ తర్వాత సంగతి తర్వాత చూస్తానన్నాడు. ఆవిడని మాత్రం దుప్పట్ల గదికి మార్చాడు. "అక్కడ చదవాల్సిందేమీ లేదు" అన్నాడు.

వరండాలో కూతురు ఆగింది. "నేను పక్క గదిలోనే ఉన్నానుగా. పిలిస్తే వచ్చేదాన్ని. ఐదు నిమిషాల పని."

"నీ పరువు పోతుందని..."

"మందు పోతే పర్లేదా?" గొంతు పెంచలేదు పిల్ల. "ఫ్యాను ఊడుతుందని అరుస్తావు, నేను లారీ కింద పడ్డానని ఏడుస్తావు. అరవాల్సిన చోట నోరెందుకు రాలేదమ్మా?"

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

సాయంత్రం స్టోరు ముందునుంచి వెళ్తూ తొంగిచూసింది. కూతురు పెట్టెలన్నీ నేల మీద పరిచి, ఒక్కో లేబులూ తనే చూసుకుంటూ, తనే లేచి వెళ్లి నాలుగంకెలూ టైపు చేసుకుంటూ ఉంది. మోకాళ్లకి దుమ్ము.

"నేను చదువుతాను, నువ్వు టైపు కొట్టుకో తల్లీ. తొందరగా అవుతుంది."

"వద్దమ్మా" అంది కూతురు తల ఎత్తకుండా. "నువ్వు చదివితే మళ్లీ నేను చూసుకోవాలి."

ఆ మాట తిట్టు కాదు. ఉన్నమాట. అందుకే ఆవిడ గుమ్మం దాటి లోపలికి అడుగు వెయ్యలేకపోయింది. బొడ్డున దోపుకున్న స్టోరు తాళంచెవి తీసి, పిల్లకి అందేలా గడప మీద పెట్టి, దుప్పట్ల గది ఎటువైపో అడగడానికి మెట్లు ఊడ్చే మనిషి దగ్గరికి నడిచింది.