ఒకే బేలు, రెండు నమూనాలు

భీమన్నను ఆదోని ఆస్పత్రిలో చేర్చిన రోజు నా చేతిలో రెండు కాగితాలున్నాయి. ఆక్సిజన్ తొంభై ఆరని ఒకటి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని ఇంకొకటి. మా జిన్నింగు మిల్లులో పత్తి కుప్ప అంటుకుంటే పొగలోకి దూరి ఇద్దరిని లాక్కొచ్చిన మేస్త్రీ అతను. ఒంటి మీద బొబ్బ లేదు. నడిచే వచ్చాడు, టీ అడిగి తాగాడు.

మరుసటి రోజు సాయంత్రానికి గొంతులో గొట్టం, పక్కన మిషను. ఆక్సిజన్ డెబ్బై తొమ్మిది.

సరుకు బాగున్నప్పుడు అప్పగించాను, వీళ్ల చేతుల్లో చెడింది. ఏదో దాస్తున్నారనుకున్నాను.

డాక్టరు రాజశ్రీ నిదానంగా చెప్పింది. “పొగ ఊపిరితిత్తుల లోపలి పొరను కాల్చింది. దాన్ని కాపాడటానికి అతని రక్తంలోని తెల్లకణాలే గుంపుగా వచ్చిపడ్డాయి. పొగ పోయినా అవి పోవడం లేదు, మంచి చోటును కూడా పాడుచేస్తున్నాయి. గాలి ఉండాల్సిన చోట నీరు చేరింది.”

“కాపలావాళ్లే ఇల్లు కూలుస్తాండారా?” అన్నాను. “ఈడనే ఏదో క్రిమి అంటుకొనింటుంది, సెప్పమ్మా. కర్నూలుకు తీస్కపోతాం.”

“ఇప్పుడు కదిలిస్తే దారిలోనే పోతాడు.”

నేను పిలిపించిన అంబులెన్సు అప్పటికే వాకిట్లో ఉంది. భీమన్న భార్య కృపమ్మ నా మొహం చూసింది. “నాకేం తెలుసు సావుకారీ. నువ్వు యాడ పెట్టమంటే ఆడ వేలు పెడతా.”

దూది నాణ్యత మీద తగాదా వస్తే మేం ఒకే బేలులోంచి రెండు నమూనాలు తీసి రెండు చోట్లకు పంపుతాం. గొట్టంలోంచి తీసిన నీటిని నా కళ్లెదుటే రెండు సీసాల్లో పోయించాను. ఒకటి ఇక్కడి ల్యాబుకు. రెండోది, పేరు రాయకుండా, నేనే కారులో ఎమ్మిగనూరు తీసుకెళ్లి, ల్యాబు నడిపే తిరుపాల్ చేతికిచ్చాను.

సూక్ష్మదర్శినిలోంచి అతను తల ఎత్తలేదు. “క్రిమి ఒక్కటీ కనపల్లేదన్నా. తెల్లకణాలు మాత్రం, దసరాకు కట్టెలెత్తి కొట్టుకునే దేవరగట్టు జనం మాదిరి! ఎవరిదిది?”

ఆదోనికి ఫోన్ చేస్తే అక్కడి చీటీ కూడా అదే చెప్పింది. అంబులెన్సును పంపించేయమన్నాను. కృపమ్మ ఉండటానికి వేలుముద్ర వేసింది. ఊపిరితిత్తులకు గాలి బాగా అందుతుందని డాక్టర్లు అతన్ని బోర్లా పడుకోబెట్టారు.

పదకొండో రోజు గొట్టం తీశాక భీమన్న బొంగురు గొంతుతో అన్న మొదటి మాట: “బోర్లా ఎందుకేసినార్రా నన్ను, బస్తా మాదిరి?”

ఇప్పుడు ఇంటి నుంచి చర్చి దాకా ఆగకుండా నడుస్తాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయాసం తీరడానికి దారిలో రెండు అరుగుల మీద కూర్చుంటాడు. దక్కింది అంత.