పాటలో గొలుసు

ముసలి కాపలావాడు బాతో గడప ముందు వాడిన పూలదండలు ఊడుస్తున్నాడు. రాత్రి ఎవరెవరో తలుపుకు తగిలించి పోయినవి. చీపురు అందినంత మేరే ఊడవగలడు; ఆపైన కాలి గొలుసు పోనివ్వదు.

నూనె అమ్ముకునేవాడొకడు వీధిలోంచి కేకేశాడు.

"ఒరేయ్ రాతిగుండె! ఇవాళైనా తలుపు తీస్తావట్రా?"

పక్కవాళ్లు పగలబడి నవ్వారు. రోమ్ నగరమంతటికీ బాతో ఇప్పుడు రాతిగుండెవాడే. అంతా కవి ఆఫిడియస్ చలవ.

ప్రేయసి గుమ్మం ముందు వానలో తడిసి ఏడ్చినట్టూ, గొలుసు కట్టిన ముసలి కాపలావాడు కనికరించనట్టూ ఆయన పాట కట్టాడు. నిజానికి ఆయన తడిసిందీ లేదు, ఏడ్చిందీ లేదు. ఎప్పుడొచ్చినా బాతో తలుపు బార్లా తీసేవాడు. ముసలివాడని జాలిపడి ఆ ప్రేయసే, బాతో యజమానురాలు నయిస్, అతని కాలి గొలుసు తీయించి అప్పటికే ఏళ్లయింది. కానీ పాట విందుల్లో మారుమోగాక జనం ఆ ఇల్లు చూడవచ్చారు. నయిస్‌కు అంత పేరు ఎన్నడూ రాలేదు. పాటలో ఉన్నదే కళ్లకు కనబడాలని కమ్మరిని పిలిపించింది.

అంతకుముందు ఆమె స్నానశాలకు వెళ్లగానే బాతో తన రొట్టెలో సగం పట్టుకుని రెండు సందుల అవతలికి పోయేవాడు. అక్కడ చాకలి కొట్టులో అతని భార్య క్రేస్తె చాకిరీ చేస్తుంది. ఇద్దరూ బానిసలే, ఆ కాసేపే వాళ్ల కాపురం. ఆమెను యజమాని గుమ్మం దాటనివ్వడు. గొలుసు పడ్డాక ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మధ్యాహ్నం కవి వచ్చాడు. బాతో తలుపు తీసి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"బాబూ, అదంతా ఉత్తుత్తిదేనని అమ్మగారితో ఒక్క మాట చెప్పు, నీకు పుణ్యముంటుంది. నా ముసల్ది ఎదురుచూస్తుంటది."

"భలేవాడివే తాతా! నీ గొలుసు తీసేస్తే నా పాట ఎవడు నమ్ముతాడు? ఊరంతా నిన్నే తలుచుకుంటోంది. వెయ్యేళ్లు బతుకుతావు పో!"

భుజం తట్టి లోపలికి వెళ్లాడు. ఆయన చెడ్డవాడేం కాడు. నొప్పి తనది కానప్పుడు అందరూ మంచివాళ్లే.

బాతో పీట మీద కూలబడ్డాడు. పొద్దుటినుంచీ గుండెల్లో బరువుగానే ఉంది. లోపల పాట మొదలైంది, నవ్వులూ వినిపించాయి. పొద్దు వాలుతుండగా కవి బయటికొస్తూ పిలిస్తే అతను పలకలేదు. గోడకానుకుని, వీధి మలుపు వైపు చూస్తూనే ప్రాణం వదిలాడు.

కమ్మరి ఆ గొలుసు విప్పి, సాయంత్రమే తెచ్చిన కొత్త మనిషి కాలికి బిగించాడు. క్రేస్తెకు కబురు చేయాలని ఎవరికీ తోచలేదు. పీట కింద, గుడ్డలో చుట్టి, ఆమె వాటా సగం రొట్టె ఉంది.