గోడ మీది దరఖాస్తు

చొక్కాలకు మిషను మీద కాజాలు కుట్టే పని గనుక ఆమెను అందరూ కాజాలక్క అనేవారు. ఆమెకు మూర్ఛ ఉందని మాత్రం ఎవరికీ తెలియదు. తెలిస్తే కొట్టు నడిపే దర్జీ తనను మిషను దగ్గరికి రానివ్వడని భయం. ప్రభుత్వమిచ్చే వైకల్య భృతికి దరఖాస్తు పెట్టాల్సి వచ్చినప్పుడు, గ్రంథాలయం పక్కగదిలో ఉచితంగా దరఖాస్తులు రాసిపెట్టే రిటైర్డు గుమస్తాకు ఒక్కడికే తల వంచుకుని అన్నీ చెప్పింది. ఆయన మంచివాడు. ఓపిగ్గా అడిగి, పూసగుచ్చినట్టు రాశాడు.

మూడు వారాల తర్వాత, భృతి సంగతి ఏమైందో కనుక్కుందామని వెళ్లింది. తమ కొట్లోనే ఇస్త్రీ చేసే ఆవిడ అక్కడ నిలబడి, గోడకు అంటించిన కాగితం చూస్తూ తన తల్లి దరఖాస్తు నింపుతోంది. కూడబలుక్కుంటూ పైకే చదువుతోంది.

"పడిపోయినప్పుడు... బట్టలు తడుస్తాయి. లేచాక కాసేపు... కూతురి పేరు కూడా గుర్తురాదు."

కాజాలక్క గుమ్మంలోనే ఆగిపోయింది. అవి తన మాటలు. కన్నకూతురికి కూడా చెప్పనివి. పేరు మీద సిరా పూశారు గానీ, వృత్తి అన్నచోట 'కాజాలు కుట్టుట' అని నిక్షేపంగా కనబడుతోంది. ఇస్త్రీ ఆవిడ అక్కడిదాకా వచ్చి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. ఆ కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"బాబాయ్, ఇదేంటి?" కాజాలక్క గుమస్తా బల్ల దగ్గరికెళ్లి అడిగింది.

"నమూనా అమ్మా," అన్నాడు గుమస్తా. "నీది బాగా కుదిరింది. పదిమందికి పనికొస్తుందని..."

"నన్నొక్క మాట అడిగారా?"

"సంతకం పెట్టావుగా తల్లీ."

"ఆఫీసుకి పంపడానికి పెట్టాను. గోడకి కాదు."

 ఇంకా ఎక్కడెక్కడ ఉందని అడిగితే, ఇలా దరఖాస్తులు రాసే మరో నాలుగు కేంద్రాలకు ఫోన్లో పంపానని ఆయన నీళ్లు నమిలాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా ముందే చెప్పి తీయించండి."

ఆయన ఫోన్ చేస్తే మూడుచోట్ల తీసేస్తామన్నారు. నాలుగోచోట కాపీలు ఎప్పుడో పంచేశామన్నారు.

ఆ మాట వినగానే లేచి నేరుగా కొట్టుకు వెళ్లింది. వాళ్లనోటా వీళ్లనోటా తెలిసేకన్నా తానే చెప్పడం నయమని దర్జీకి చెప్పేసింది.

"ఇన్నాళ్లూ దాచావేం?" అన్నాడాయన.

"చెబితే మిషనిచ్చేవారా అన్నా?"

 మర్నాటి నుంచి దర్జీ ఆమెను మిషను పని తప్పించి బొత్తాలు కుట్టే చేతిపని ఇచ్చాడు. కూలి తగ్గింది. నెల తిరిగాక భృతి మంజూరైంది.

గుమస్తా రెండుసార్లు ఆమె ఇంటికొచ్చి తప్పైందన్నాడు. రెండోసారి లోపలికి రమ్మని మంచినీళ్లిచ్చింది. కాగితాలు మాత్రం మళ్లీ ఆయన చేతికివ్వలేదు.