మొదట వెతికే చోటు

ఆమె నోటినిండా పేస్టు నురగ ఉండగానే పడకగదిలోంచి భర్త కేక వినిపించింది. “నా నీలం చొక్కా ఎక్కడుంది?”

“మీ వెనకాలే, కుర్చీ మీద!” నురగ ఉమ్మేసి చెప్పింది. అతను వెనక్కి తిరిగితే కనబడుతుంది. కానీ మెడ తిప్పడం కన్నా పెళ్లాన్ని పిలవడం తేలిక కదా! ఆ వెంటనే కూతురు, జామెట్రీ బాక్సు ఏదని. ఆ ఇంట్లో ఏమీ అడగని మనిషి అత్తగారొక్కరే. కిటికీ దగ్గర పేపరు చదువుకుంటూ కూర్చుంటారు.

ఆఫీసులోనూ ఆమెది వెతుకులాట పనే. ప్రోగ్రామర్లు కోడ్‌లో చేసే ప్రతి మార్పునీ దాచి ఉంచే వ్యవస్థను చూసుకునే బృందం ఆమెది. ఏళ్ల తరబడి పోగైన మార్పులన్నీ అందులో మూటలు మూటలుగా ఉంటాయి. ఎవరేం అడిగినా కంప్యూటర్ మొదటి మూట నుంచి వరసగా గాలించుకుంటూ పోయేది. ఆలోపు అడిగినవాళ్లు తిట్టుకుంటూ టీకి వెళ్లి వచ్చేవారు. బృందమంతా బుర్రలు బద్దలు కొట్టుకున్నా దారి దొరకలేదు. ఆ రోజు బస్సులో చొక్కా సంగతి తలుచుకుని ఒళ్లు మండుతుంటే ఆమెకు చటుక్కున తట్టింది. మా ఇంట్లోవాళ్లు ఒక్క అల్మారా తెరుస్తారా? నిన్న ఎవరిని అడిగితే దొరికిందో ఇవాళా తిన్నగా వాళ్ల దగ్గరికే వస్తారు. ఎంత తెలివి! ఆ తెలివేదో కంప్యూటర్‌కీ నేర్పితే పోలా? ఒకటి అడిగినవాడు తర్వాత అడిగేది కూడా చాలాసార్లు అదే మూటలో ఉంటుంది. అందుకని కిందటిసారి దొరికిన మూటనే ముందు చూడమని రాసింది. అంతే, ఎవరికీ టీకి వెళ్లే తీరికే లేకుండా పోయింది.

“సాయంత్రం పెద్దవాళ్లందరికీ ఇది వివరించాలి. నీకు ఇంటి దగ్గర ఇబ్బంది కదమ్మా, నేను చెప్పేస్తాలే,” అన్నాడు టీమ్ లీడర్, ఎంతో దయగా. కిందటిసారీ ఇలాగే దయ చూపించాడు. అప్పుడు చప్పట్లు అతనికి పడుతుంటే ఆమె ఇంట్లో కూరగాయలు తరుగుతోంది. తన పని ఇంకొకరి నోట వినడం కూడా దక్కలేదని ఆ రాత్రి ఏడుపొచ్చింది. “సరే సార్” అన్న మాట అలవాటుగా పెదవి దాకా వచ్చింది. మింగేసింది.

“నేనే చెప్తాను సార్,” అంది.

ఇంటికి ఫోన్ చేస్తే భర్త ఎత్తి స్పీకర్‌లో పెట్టాడు. “ఇవాళ ఆలస్యమవుతుంది. మీటింగులో మాట్లాడేది నేనే.”

“ఓహో, మంచిది. అది సరేగానీ, నా కళ్లజోడు ఎక్కడ పెట్టావ్?”

అతని కళ్లజోడు తనెందుకు పెడుతుంది! ఎక్కడుందో మాత్రం ఆమెకు తెలుసు. మొదటిసారిగా, ఆ తెలిసిన సంగతి తన దగ్గరే ఉంచుకోవాలనిపించి సరదా వేసింది.

“తెలుసు. కానీ చెప్పను, వెతుక్కోండి.”

అవతల “అమ్మా, నువ్వు చూశావా?” అని అతను అడగడం వినిపించింది.

“అమ్మాయ్, నువ్వెళ్లి గట్టిగా మాట్లాడు!” ఫోన్‌లో వినబడేలా అరిచారు అత్తగారు. ఆ తర్వాత కొడుకుతో అన్నారు. “చూశానురా. మీ నాన్నకి జీవితమంతా వెతికిపెట్టాను. ఇక నేనూ చెప్పను.”