పన్నెండు పెట్టెల మొహమాటం

ఆసుపత్రి కొత్త భవనంలో గోడలకు పన్నెండు వైఫై పెట్టెలు బిగించారు. వాటికి పెత్తందారంటూ ఎవరూ లేరు. తమలో తామే మాట్లాడుకుని పని పంచుకుంటాయి. కొత్త ఫోను గుమ్మంలోకి రాగానే పది సెకన్లలో కలుపుకోవాలి. ఇంతకుముందు రెండుసార్లు పన్నెండూ ఒకేసారి "నా దగ్గరికి రా" అని ఎగబడితే ఫోను బిక్కచచ్చిపోయింది. ఈసారి కూడా పెట్టెలు బాగా పనిచేస్తున్నాయని హెడ్ నర్సు సంతకం పెట్టకపోతే పని ఇంకొకరికి పోతుంది, వాటిని తయారుచేసిన ఇంజనీరు రెండేళ్ల చాకిరీ నీళ్లపాలవుతుంది.

అందుకని పెట్టెలకు మర్యాద నేర్పాడు: మిగతా అన్నిటికంటే నువ్వు ఖాళీగా ఉంటేనే పలుకు. జనంతో కిటకిటలాడే పాత భవనంలోని పెట్టెలమీద పరీక్షిస్తే బ్రహ్మాండంగా పనిచేసింది.

హెడ్ నర్సు కొత్త ఫోనుతో లోపలికొచ్చింది. పది సెకన్లయింది. అయిదు నిమిషాలయింది. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది.

"ఏం బాబూ, మీ పెట్టెలకు నామీద అలకా?"

ఇంజనీరు ల్యాప్‌టాప్ తెరిచి చూశాడు. "లేదు మేడమ్. ఇక్కడ ఇంకా ఎవరూ లేరు కదా, అన్నీ సమానంగా ఖాళీ. అందుకే ఒక్కటీ పలకట్లేదు."

"మా నర్సులూ అంతే. పని నెత్తిమీదున్నరోజు పిలిస్తే నలుగురొస్తారు. ఖాళీరోజు ఒక్కరూ కదలరు."

"అప్పుడేం చేస్తారు?"

"ఎవరు దగ్గరుంటే వాళ్లని పేరు పెట్టి పిలుస్తాను."

ఇంత చిన్న సంగతి తట్టనందుకు అతనికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అన్నీ ఖాళీ అయితే, ఫోను పిలుపు అన్నిటికంటే గట్టిగా వినపడిన పెట్టే పలకాలని ఒక్క వాక్యం రాశాడు. ఫోను టక్కున కలిసింది.

"ఈ ఫోను ఇందాకట్నుంచీ ఇక్కడే ఉంది. ఇది లెక్కలోకి రాదు," అందావిడ. "నీ ఫోనివ్వు."

అతని ఫోను ఈ పెట్టెల మొహం ఎన్నడూ చూడలేదు. ఆవిడ దాన్ని పట్టుకుని బయటికెళ్లి మళ్లీ వచ్చింది. రెండో కాలు గడప దాటేలోగా ఫోను టింగుమంది. బాసు సందేశం: "ఏమైంది? మునిగామా?"

ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఒంటివేలితో ఏదో కొట్టసాగింది. ఇంజనీరు మెడ సాచి చూశాడు, తెర కనబడలేదు. ఫోను తిరిగి చేతిలో పడ్డాక చదివాడు.

"సంతకం పెట్టాను. మీవాడు పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేడు, ఇంటికి పంపించండి. హెడ్ నర్సు."

ఆవిడ పెన్ను ఇంకా జేబులోనే ఉంది. ఇంజనీరు తన పెన్ను మూత తీసి, రెండు చేతులా అందించాడు.