చెడ్డ మాట

వేడెక్కిన దుమ్ము వాసన...

స్విచ్ వేయగానే ముందు ఆ వాసనే వస్తుంది. తర్వాత చిన్న కూత. తర్వాత నల్లటి తెర మీద ఆకుపచ్చ గీత — ఆరుతూ, వెలుగుతూ.

కిటికీ బయట మామిడి పూత. గాలి వీస్తే గదిలోకి రాలుతోంది.

"ఈ డబ్బా ఇంకా బతికే ఉండాదా గ్రేసీ?" అన్నారు తిరుమలమ్మ గారు, మా సార్ భార్య.

బతికే ఉంది. నాకు యాభై. దానికి నలభై.

మా చిత్తూరు బడికి ఈ కంప్యూటర్ వచ్చిన రోజు, మునిరామయ్య సార్ తలా ఒక మాట కొట్టమన్నారు. నేను ఇంగ్లీషు అక్షరాల్లో మా ఇంటి మాట కొట్టాను.

సూడు.

బ్యాడ్ కమాండ్ — అంది తెర.

బ్యాడ్ అంటే చెడ్డ. అంతవరకు నాకు తెలుసు. అయ్యో దేవుడా, చెడ్డ మాట అనేశాను! తెలుగు టీచరు రోజూ తిట్టేది — సూడు కాదు, చూడు అని. ఇప్పుడు మిషను కూడా. భోరున ఏడ్చాను.

సార్ నవ్వలేదు.

"నీ మాట చెడ్డది కాదు పాపా. దానికి రాదు, అంతే. మనమే నేర్పిస్తే సరి."

ఆ మిషనుకు ఒక మంచి గుణం ఉంది. తెలియని మాట వస్తే వెంటనే కాదనదు. ఇది ఎవరికైనా తెలుసా — అని లోపల ఒకసారి అడుగుతుంది. ఎవరూ పలకకపోతేనే బ్యాడ్ అంటుంది. పలకడానికి సార్ ఒక పట్టిక పెట్టారు. అందులో మా మాటలు, ఒక్కోదాని ఎదుట మిషను చేయాల్సిన పని. సూడు. యాడ. ఈడ. వారానికొకటి.

ఈరోజు నేను కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నానంటే, అది ఆ పట్టిక చలవే.

సార్‌కు మాట పడిపోయి మూడు నెలలు. పక్షవాతం. ఎడమచేతి వేలు ఒక్కటే కదులుతుంది. ఫోన్ మీద అది జారిపోతుంది. ఈ పాత మీటల మీద నిలుస్తుంది.

అందుకే, బడి వదిలేస్తే సార్ ఇంట్లో దాచుకున్న దీన్ని అటక మీంచి దించాను. పాత పట్టిక చెరిగిపోయింది. వారం కూర్చుని మళ్లీ రాశాను. నీళ్లు అని కొడితే తెర నిండా నీళ్లు. చూడు అని కొడితే వంటింటిదాకా వినబడే కూత.

సార్ వేలు కదిలింది. ఒక్కో మీటా ఒక్కో కొండ...

సూడు.

బ్యాడ్ కమాండ్.

పట్టిక తీశాను. చూడు అని ఉంది. చూడు! నేనే రాశాను. నా చదువు తగలెయ్య!

దిద్దాను. సార్ మళ్లీ కొట్టారు.

కూత!

తిరుమలమ్మ గారు పిండి చేతులతో పరుగెత్తుకొచ్చారు.

"పిల్చినారా?"

మూడు నెలల తర్వాత పిలుపు. ఆమె ఏడుస్తూనే నవ్వారు. స్తోత్రం ప్రభువా, అనుకున్నాను.

సార్ వేలు ఆగలేదు. ఆరు మీటలు. చాలాసేపు.

గ్రేసీ.

బ్యాడ్ కమాండ్.

"నీ పేరు చెడ్డదంటాదే ఇది!" అన్నారు తిరుమలమ్మ గారు.

"చెడ్డది కాదమ్మా. దానికి రాదు, అంతే. మనమే నేర్పిస్తే సరి."

సార్ పెదవి ఒక పక్కన నవ్వింది.

పట్టిక చివర నా పేరు చేర్చాను. దాని ఎదుట ఏం చేయాలో రాయాలి. ఈ పేరు పిలిస్తే ఏం జరగాలి? ఆయన నాకిచ్చినదానికి ఏది సరిపోతుంది?

వేడెక్కిన దుమ్ము వాసన... మీటల మీద మామిడి పూత.

నా పేరు పక్కన ఖాళీ. ఆ ఖాళీలో ఆకుపచ్చ గీత — ఆరుతూ, వెలుగుతూ.